పక్కింటి తెల్లగీత మీదికి కారు వస్తే ఫైన్ పడుతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంగ్లండ్‌లో అద్దె ఇల్లు, డ్రైవ్‌వే (రోడ్డు మీంచి ఇంటి ఆవరణలోకి కారు వెళ్లే దారి) లేదు, కారు వీధిలోనే పెడుతున్నారు. పక్కింటి డ్రైవ్‌వే ముందు రోడ్డు మీదున్న తెల్లగీత కొస మీదికి మీ కారు అడుగు మేర వస్తోంది. పక్కింటాయన కౌన్సిల్‌కి, అంటే అక్కడి స్థానిక పాలక సంస్థకి, ఫిర్యాదు చేస్తానంటున్నాడు. ఫైన్ పడుతుందా?

ఆ గీత ఒక్కదానివల్ల అయితే పడదు. రెండు కొసల్లో అడ్డగీతలతో, బాగా సాగదీసిన హెచ్ అక్షరంలా ఉంటుంది కాబట్టి దాన్ని హెచ్ బార్ అంటారు. ఇక్కడ దారి ఉంది, గమనించండి అని చెప్పడానికే తప్ప దానికి సొంతంగా చట్టబలం లేదు. మీరు చూడాల్సింది గీతని కాదు, కెర్బ్‌ని, అంటే ఫుట్‌పాత్ అంచు రాళ్లని. బండి ఎక్కడానికి వీలుగా ఫుట్‌పాత్‌ని రోడ్డు మట్టానికి దించిన చోట కారు పెడితే, 2004 నాటి ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ యాక్ట్ 86వ సెక్షన్ కింద పెనాల్టీ పడొచ్చు. గీత ఉన్నా, లేకపోయినా. ఆ ఇంట్లో ఉండేవాళ్లు సరేనంటే మాత్రం పెట్టుకోవచ్చు, అదీ డ్రైవ్‌వే రెండిళ్లకి ఉమ్మడిది కానప్పుడే. అక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 243వ రూల్ కూడా ఇంటి దారికి అడ్డంగా ఆపొద్దనే చెబుతుంది.

గీతని మామూలుగా కెర్బ్ దిగిన చోటుకంటే అటూ ఇటూ కాస్త పొడిగించి వేస్తారు. మీ కారు ఆ పొడిగింపు మీదే ఉంటే చిక్కు లేదు. కాకపోతే చక్రాన్ని చూసి లెక్కేయకండి. చక్రం దాటాక బంపర్ ఇంకా బోలెడంత ఉంటుంది.

ఇంతవరకూ చదివి "చూశావా, నాదే కరెక్టు" అనుకుంటున్నారేమో. నేనూ అలాగే అనుకున్నాను.

అప్పట్లో మాదీ డ్రైవ్‌వే లేని ఇల్లే. ఒకరోజు వైపర్ కింద మడిచిన కాగితం కనిపించింది: దయచేసి గీత మీద పెట్టకండి. పక్కింటి పెద్దావిడ రాసింది. ఎదురుపడి చెప్పొచ్చుగా, కాగితం ఏమిటని నాకు ఒళ్లు మండింది. ఆ రాత్రి కూర్చుని పైన చెప్పిన రూల్సన్నీ చదివి, స్క్రీన్‌షాట్లు కూడా తీసి పెట్టుకున్నాను. పొద్దున్నే వెళ్లి చూపిద్దామని.

పొద్దున నేను తలుపు తీసేసరికి ఆవిడ రివర్స్‌లో బయటికి వస్తోంది. ఎదురుగా ఇంకో కారు ఆగి ఉంది, వీధి ఇరుకు. వెనక్కి కొంచెం, ముందుకి కొంచెం, మళ్లీ వెనక్కి. కారు తోక ఒకవైపు తిరిగిందంటే ముక్కు రెండోవైపుకి ఊగుతుంది కదా, ఆ ముక్కు తిరుగుతూ తిరుగుతూ నా నంబర్ ప్లేట్‌కి బెత్తెడు దూరంలో ఆగింది. కెర్బ్ కొస రాయి మీద పాత టైర్ల నల్లటి చారలు అప్పుడే గమనించాను. గీతని ఆ అడుగు మేర ఎందుకు పొడిగిస్తారో చట్టంలో దొరకలేదు గానీ అక్కడ కనబడింది. స్క్రీన్‌షాట్లు ఫోన్‌లోనే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం వెళ్లి, ఎంతదాకా పెడితే మీకు ఇబ్బంది లేదని అడిగాను. ఆవిడ చేతికర్రతో బయటికొచ్చి లైట్ స్తంభం చూపించింది. వెనక బంపర్ ఆ స్తంభం దాటకూడదు, అంతే. మా ఇద్దరి మధ్యా ఒప్పందం అదే, ఇల్లు ఖాళీ చేసేదాకా నడిచింది.

తర్వాత డ్రైవ్‌వే ఉన్న ఇల్లు కొన్నాక కౌన్సిల్‌కి డబ్బు కట్టి నేనే గీత వేయించుకున్నాను. వారం తిరక్కుండా దాని మీద ఒక వ్యాను! నా కారు లోపల ఇరుక్కుపోయింది. ఇలా బయటికి రాలేకపోతే పోలీసులకి చెప్పుకోవచ్చు, రోడ్డుకి అడ్డంగా ఉన్నట్టు లెక్క. మీరు బయట ఉండి లోపలికి వెళ్లలేకపోతే మాత్రం వాళ్లు పెద్దగా పట్టించుకోరు, కౌన్సిల్‌కే చెప్పుకోవాలి. ఆ వ్యాను డ్రైవర్ ఎదురింట్లో పని చేస్తున్నాడని తెలిసి, వెళ్లి అడిగితే రెండు నిమిషాల్లో తీసేశాడు.

మీ విషయానికొస్తే, పక్కింటాయనని ఒకసారి కారు బయటికి తీయమని, మీరు పక్కన నిలబడి చూడండి. నిజంగానే తిప్పలేకపోతుంటే ఆ అడుగు వెనక్కి జరపండి. ఇబ్బందేమీ లేకుండా వస్తున్నాడు, ఊరికే సతాయిస్తున్నాడు అనిపిస్తే ఫిర్యాదుకి భయపడకండి. ఇంటి ముందున్న రోడ్డు ఆయన సొంతమేమీ కాదు. ఇంకోటి, గీత అంచులు వంకరగా, పెయింటు డబ్బాతో వేసినట్టుంటే అది కౌన్సిల్ వేసిందేనా అని మెయిల్ పెట్టి కనుక్కోండి. అనుమతి లేకుండా రోడ్డు మీద సొంతంగా గీతలు గీయడం 1980 నాటి హైవేస్ యాక్ట్ ప్రకారం నేరం.