బీట్ కట్టినవాణ్ని నిర్మాత అనవచ్చా?

సందేహం: డెట్రాయిట్‌కు చెందిన హిప్‌హాప్ ప్రొడ్యూసర్ జె డిల్లా గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ‘రికార్డు నిర్మాత’ అంటే చదివినవాళ్లు ‘డబ్బు పెట్టినాయనా?’ అంటున్నారు. ‘సంగీత దర్శకుడు’ అనవచ్చా? అతని డ్రమ్స్‌ను ‘తాళం తప్పిన దరువులు’ అన్నాను, సరేనా? శాంపిల్‌ను, అంటే పాత రికార్డులోంచి తీసుకున్న శబ్దపు ముక్కను, ‘నమూనా’ అనవచ్చా?

సమాధానం: మీ పాఠకుల అనుమానం సబబే. విచిత్రమేమిటంటే, వ్యుత్పత్తి చూస్తే డిల్లాకు నిర్మాత కంటే అతికే మాట లేదు. ‘మా’ ధాతువుకు కొలవడం అని అర్థం. ‘నిర్’ ముందు చేరితే కొలిచి రూపొందించడం. మాత్ర, ప్రమాణం, పరిమాణం అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. మాత్రలు కొలిచి పాటకు కట్టడం లేపేవాడు అక్షరాలా నిర్మాతే. కాని యోగం (మాట పుట్టుక చెప్పే అర్థం) కంటే రూఢి (వాడుకలో స్థిరపడిన అర్థం) బలీయం. బురదలో పుట్టినవన్నీ పంకజాలు కానట్టే, తెలుగులో ఏదైనా నిర్మించినవాళ్లందరూ నిర్మాతలు కారు. సినిమావాళ్లు ఆ మాటను పెట్టుబడికి ముడివేసేశారు. దాని పక్కన ‘రికార్డు’ చేరిస్తే ఇంకో చిక్కు. మనకు రికార్డు అంటే వసూళ్ల రికార్డు, దస్త్రం, ఆఖరుకు రికార్డు డాన్సు. గ్రామఫోను పళ్లెం గుర్తొచ్చేది ఆ తర్వాతే.

తెలుగు రూఢి ప్రకారం డిల్లా ‘డోనట్స్’ ఆల్బమ్‌కు నిర్మాత ఎవరని అడిగితే, దాన్ని విడుదల చేసిన స్టోన్స్ త్రో కంపెనీ పేరే చెప్పాలి. డిల్లా పేరు కాదు.

‘సంగీత దర్శకుడు’ కూడా కుదరదు. ఆ మాట వినగానే సన్నివేశం విని వరస కట్టి, వాద్యబృందంతో వాయింపించి, గాయకుడి చేత పాడించేవాడు కళ్ల ముందుకు వస్తాడు. డిల్లా పని వేరు. పాత రికార్డుల్లోంచి తునకలు తీసి, డ్రమ్ శబ్దాలతో కలిపి అకాయ్ కంపెనీ ఎంపీసీ యంత్రం మీద 16 మీటలకు ఎక్కించి వేళ్లతో వాయించేవాడు. ‘స్వరకర్త’ మరీ దూరం. ఫార్‌సైడ్ అనే రాప్ బృందానికి 1995లో చేసిన ‘రన్నిన్’ పాటలో వినిపించే గిటారు, స్టాన్ గెట్జ్, లూయిజ్ బొన్ఫా పాత రికార్డులోది. ఆ స్వరాలకు కర్తలు వేరే ఉన్నారు. ఏ తునక తీయాలి, ఎక్కడ కోయాలి, కింద ఏ దరువు పడాలి అన్నది డిల్లాది. నాటకరంగంలో, ఆకాశవాణిలో ప్రొడ్యూసర్‌ను ‘ప్రయోక్త’ అనేవారు. చక్కని మాటే కాని, దాన్ని వాడితే వివరించడానికి మీకు ఇంకో పేరా కావాలి.

నామవాచకం దొరకనప్పుడు క్రియ వెతుక్కోవాలి. మనకు ‘కట్టు’ ఉంది. పాట కడతాం, బాణీ కడతాం, వరస కడతాం. అలాగే ‘బీట్ కట్టాడు’ అనండి. ఎవరూ డబ్బు సంగతి అడగరు. హిప్‌హాప్‌లో బీట్ అంటే ఒక్క దెబ్బ కాదు, రాపర్ (మాటలను లయకు చెప్పేవాడు) గొంతు కింద ఉండే సంగీతమంతా. అందుకే దానికి ‘దరువు’ పూర్తిగా సరిపోదు. దరువు డ్రమ్స్ వరకే. బేస్, తునకలు దాని బయట ఉంటాయి. నామవాచకం తప్పనిసరైతే ‘ప్రొడ్యూసర్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘అంటే బీట్లు కట్టేవాడు’ అని ఒక్క ముక్క చేర్చండి. పేర్లలోనూ జాగ్రత్త. ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే బృందం 1996 ఆల్బమ్ ‘బీట్స్, రైమ్స్ అండ్ లైఫ్’ మీద ప్రొడ్యూసర్‌గా ఉన్నది ‘ది ఉమ్మా’ అనే ఉమ్మడి పేరు. అందులో డిల్లాతో పాటు క్యూ-టిప్, అలీ షహీద్ ముహమ్మద్ కూడా ఉన్నారు. కాబట్టి ‘ఉమ్మా బృందంలో ఒకడిగా బీట్లు కట్టాడు’ అనాలి.

ఇక ‘తాళం తప్పిన దరువులు’. ఇది మాత్రం మార్చాల్సిందే. ఎందుకో తెలియాలంటే యంత్రం లోపలికి కొంచెం తొంగిచూడాలి. డిల్లా కాలపు ఎంపీసీ ఒక్కో దెబ్బ వ్యవధిని 96 భాగాలు చేసేది. చతురశ్ర గతిలో లాగా నాలుగుగా పంచితే ఒక్కోదానికి 24. నిమిషానికి 90 దెబ్బల వేగంలో ఒక భాగం సుమారు 7 మిల్లీసెకన్లు. వేలు కాస్త అటూ ఇటూ పడినా యంత్రం దాన్ని దగ్గరి గీతకు, అంటే ఆ నాలుగు పంపకాల్లో దగ్గరిదాని మొదటికి, లాగేస్తుంది. దీనినే క్వాంటైజ్ అంటాం. ఎంపీసీలో ఆ సౌకర్యం పేరు ‘టైమింగ్ కరెక్ట్’. తిరకాసంతా ఈ పేరులోనే ఉంది. లాగడం ‘దిద్దడం’ అయితే లాగకపోవడం ‘తప్పు’ అయిపోతుంది కదా! మీ వాక్యంలోకి తప్పు వచ్చి చేరిన దారి ఇదే. క్వాంటైజ్‌ను ‘దిద్దుబాటు’ అనకండి, ‘గీతకు సర్దడం’ అనండి.

అదే యంత్రంలో స్వింగ్ అని ఇంకొకటుంది. నా మట్టుకు దానికి ‘తూగు’ బాగుంటుంది, ఛందస్సు చెప్పేవాళ్లకు అలవాటైన మాటే. తూగు 50 శాతం దగ్గర జంట భాగాలు 24–24గా సమంగా నడుస్తాయి. 54 దగ్గర 26–22. 66 దగ్గర 32–16, అంటే తిశ్రపు నడక వచ్చేస్తుంది. మామూలుగా అన్ని వాద్యాలకూ ఒకే తూగు పెడతారు. డిల్లా ఒకే బీట్‌లో ఒక వాద్యాన్ని సమంగా, మరోదాన్ని తూగుతో నడిపి, స్నేర్‌ను (డ్రమ్స్‌లో ‘ఠప్’ మని మోగే డ్రమ్మును) గీత కంటే ఇసుమంత ముందే పడేలా జరిపేవాడు. క్వాంటైజ్ ఆపేసి వాయించాడు, అంతే అని చాలామంది రాస్తారు. అది సగం మాటే. యంత్రంలో కొలిచి జరిపిన జరుపుడు మిగతా సగం. మూడు నాలుగు భాగాలు జరిపితే పై వేగంలో తేడా 21 నుంచి 28 మిల్లీసెకన్లు. చెవి దాన్ని తప్పుగా పట్టుకోదు, ఒక రకమైన ఒరుగుడుగా వింటుంది. పైగా లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే అదే ముక్క) తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆ దెబ్బ సరిగ్గా అక్కడే పడుతుంది. తాళం తప్పినవాడికి అది చేతకాదు.

‘తప్పింది’ అనేది అకర్మకం, కర్త ప్రమేయం లేకుండా జరిగిపోయినది. మీకు కావలసింది సకర్మకం. ‘తాళం తప్పించాడు’ అంటే మళ్లీ చెడగొట్టాడనే వస్తుంది. ‘దరువు జరిపాడు’ అనండి, ‘నడక మార్చాడు’ అనండి. ‘స్నేర్‌ను ముందుకు జరిపాడు’ అని మాత్రం వద్దు. ముహూర్తం ముందుకు జరిపితే పెళ్లి త్వరగా అవుతుంది, గడియారం ముల్లు ముందుకు జరిపితే వేళ మించుతుంది. మీ పాఠకుడు ఏది అనుకుంటాడో చెప్పలేం. ‘కాస్త ముందే పడేలా’ అంటే ఏ గొడవా లేదు. అన్నట్టు, కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు కొందరు దీనికి అతీత, అనాగత గ్రహాలను తెస్తారు. అవి పాట ఎత్తుగడ తాళంలో ఎక్కడ మొదలవుతుందో చెప్పే మాటలు. ఒక్కొక్క దెబ్బ మిల్లీసెకన్ల లెక్కన జరగడానికి పనికిరావు.

శాంపిల్‌ను ‘నమూనా’ అనకండి. నమూనా చూసి అలాంటిదే ఇంకోటి చేస్తాం. ఇక్కడ ఆ శబ్దాన్నే తీసుకుంటున్నారు. ‘తునక’, ‘ముక్క’ చాలు. చాప్ చేయడాన్ని ‘తరగడం’ అనవచ్చు. లూప్‌ను ‘ఆవర్తనం’ అంటే తాళం చుట్టు అనుకుంటారు, అందులో సంగీతం ప్రతి చుట్టుకూ మారవచ్చు. లూప్‌లో తిరిగి వచ్చేది అదే శబ్దం. దాన్ని అలాగే ఉంచండి.

‘డోనట్స్’ గురించి రాసేచోట మీకు పనికొచ్చే పాత మాట ఒకటుంది. 2006 ఫిబ్రవరి 7న, డిల్లా 32వ పుట్టినరోజున అది విడుదలైంది. మూడు రోజులకు అతను చనిపోయాడు. అందులో మొదటి ట్రాక్ పేరే ‘డోనట్స్ (ఔట్రో)’, ఔట్రో అంటే ముగింపు, చివరి ట్రాక్ అంచు వెళ్లి దానికి తగులుతుంది. ఒక పాదం ఏ పదంతో ముగిసిందో తర్వాతి పాదాన్ని ఆ పదంతోనే ఎత్తుకోవడాన్ని మన ఆలంకారికులు ముక్తపదగ్రస్తం అన్నారు. పోలికగా వాడుకోండి. ఆ 31 ట్రాక్‌లను ‘31 గీతాలు’ అని మాత్రం రాయకండి. వాటిమీద రాపర్ లేడు. వినిపించే గొంతులు పాత రికార్డుల తునకలు.