డెలివరీ కుర్రాడి కథ పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. నీకు రాయడం వచ్చు, అందులో సందేహం లేదు. కానీ కథ మొత్తంలో ఆ ఫుడ్ డెలివరీ కుర్రాడు ఒక్క ఆర్డర్ కూడా అందించలేదు. సిగ్నల్ దగ్గర ఆగాడు, అమ్మను తలుచుకున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. అతనంటే నీకు జాలని తెలిసింది గానీ, అతనెలాంటివాడో తెలియలేదు.

షాన్ బేకర్ సినిమాలు చూడు. 2025లో 'అనోరా'కి ఒకే రాత్రి 4 ఆస్కార్లు అందుకున్న అమెరికన్ దర్శకుడు, పేరు వినే ఉంటావు. నువ్వు మాత్రం 2004 నాటి 'టేక్ అవుట్'తో మొదలుపెట్టు. షి-చింగ్ త్సౌతో కలిసి సుమారు 3,000 డాలర్లతో తీశాడు. అందులోనూ డెలివరీ మనిషే. న్యూయార్క్‌లో కాగితాలు లేకుండా బతుకుతున్న చైనీయుడు, రాత్రికల్లా 800 డాలర్ల అప్పు కట్టాలి. బయట వాన. సైకిలెక్కడం, తలుపు తట్టడం, డబ్బు తీసుకోవడం, మళ్లీ హోటల్‌కి రావడం. సినిమా చాలావరకు ఇదే. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ టిప్పు ఎంతిస్తారోనని మనకే టెన్షన్.

'టాంజరిన్' (2015) అనగానే ఐఫోన్‌తో తీశాడని అందరూ చెప్తారు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది వేరే ఉంది. లాస్ ఏంజెలెస్ వీధుల్లో సెక్స్ వర్క్ చేసే ట్రాన్స్ మహిళల కథ అది. కథంటూ ఇంకా లేనప్పుడే ఆ చుట్టుపక్కల తిరిగి మయా టేలర్‌ని పరిచయం చేసుకున్నాడు. తర్వాత ఒక ప్రధాన పాత్ర ఆమే వేసింది. ఆమె అడిగినవి రెండే. అక్కడి బతుకు ఎంత కఠినమో దాచకుండా చూపించాలి. ఆ సినిమా చూసి అక్కడ పనిచేసే ఆడవాళ్లు పడీపడీ నవ్వాలి. ఈ రెండోది బాగా ఆలోచించు. నీ కథ చదివితే ఆ కుర్రాడికి ఒక్కచోటైనా నవ్వొస్తుందా?

ఉద్యోగం మానేస్తానని రాశావు. మానకు. బేకర్ కూడా చాలా ఏళ్లు టీవీలో చేతిబొమ్మల కామెడీ చేస్తూనే సినిమాలు తీశాడు.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక బిర్యానీ హోటళ్ల ముందు ఆ కుర్రాళ్లు బళ్లమీద కూర్చుని ఉంటారు. కథ రాస్తున్నానని చెప్పే వాళ్లతో కూర్చో. అపార్ట్‌మెంట్లలో ఏ లిఫ్ట్ ఎక్కనిస్తారు, ఆర్డర్ క్యాన్సిలైతే ఆ పొట్లం ఏమవుతుంది, ఒకరినొకరు ఏమని ఏడిపించుకుంటారు, ఇవన్నీ తెలుసుకో. తొందరపడకు, నెలలు పట్టనీ. తిరగరాశాక ముందు వాళ్లలో ఒకరికి చదివి వినిపించు. ఎక్కడ పెదవి విరిచాడో గుర్తుపెట్టి, ఆ కాగితాలు అలాగే నాకు పంపు.

ఉంటాను,
అన్నయ్య