మగ్గం తీసేయాలా, ఫంక్షన్ ఆపాలా?

ప్రశ్న: మాది బరంపురం. మా ఆయనకు బట్టల కొట్లో నెలకు 19 వేలు జీతం. నేను జాకెట్లు కుట్టి 4 వేలు తెస్తాను. పాప పెద్దమనిషయింది. 2 లక్షలు అప్పు తెచ్చి ఓణీల ఫంక్షన్ చేద్దామని ఆయన పట్టుబట్టారు. వడ్డీ నూటికి రెండు. పోయిన మామగారి గుంట మగ్గం, అదే నేలలో గుంట తీసి దాని మీద బిగించే చేనేత మగ్గం, ముందుగదిలో ఊరికే పడి ఉంది. అది తీసేసి గది అద్దెకిద్దామంటే అత్తగారు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి?

జవాబు: అమ్మా, ముందు వడ్డీ సంగతి చూద్దాం. 2 లక్షలకు నూటికి రెండంటే నెలకు 4 వేలు. అంటే మీరు రాత్రిళ్లు కళ్లు నొప్పెట్టేలా కుట్టిన జాకెట్లన్నీ వడ్డీకే సరి. నాలుగేళ్లు అలా కడితే 1,92,000 పోతుంది, అసలు మాత్రం అలాగే ఉంటుంది. ఈ అప్పు వద్దని గట్టిగా చెబుతున్నాను.

అలాగని మీవారిని తప్పుపట్టకండి. చుట్టాల ఇళ్లలో ఆయన ఎన్ని చదివింపులు రాయించి ఉంటారో! ఈసారి మన ఇంటికి రావాలి కదా అని ఆయన మనసులో ఉంటుంది. రెండేళ్లకోసారి మీ ఊళ్లో జరిగే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకు ఊరంతా చుట్టాలే. 'మీ పాప ఫంక్షన్ ఎప్పుడు?' అని నలుగురూ అడుగుతుంటే తండ్రికి తల ఎత్తుకోవడం కష్టమే. కానీ వచ్చే చదివింపులు కూడా రేపు మళ్లీ తీర్చాల్సినవే. మేనమామ చీర పెట్టి, పెద్ద ముత్తైదువులు హారతిచ్చి, ఇంట్లోనే నలభై మందికి భోజనాలు పెడితే వేడుక తక్కువేం కాదు.

ఇంత రాశారు గానీ, పాప ఏమంటోందో ఒక్క ముక్క కూడా రాయలేదు. పూలజడ వేసుకుని ఫొటోలు దిగాలని ఉందో, అందరి ముందూ కూర్చోవడానికి సిగ్గుగా ఉందో ఎవరైనా అడిగారా?

ఇక మగ్గం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంట్లో తలుపులు ఊగిపోతున్నాయి. నాన్న ఇంటి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు కట్టుకున్నారు. అమ్మ బియ్యం డబ్బా మంచమ్మీద పెట్టింది. ఆ తర్వాత చీకట్లో తడుముకుంటూ వెళ్లి, మా అమ్మమ్మ కళ్లజోడు తెచ్చి కొంగులో ముడేసుకుంది. ఒక అద్దం ఎప్పుడో పగిలిపోయిన కళ్లజోడు! అమ్మితే రూపాయి రాదు. అయినా ఆ రాత్రి ఆమెకు అది బియ్యంతో సమానం. మీ అత్తగారికి ఆ మగ్గం అలాంటిది. ఆమె వయసంతా ఆ గుంట పక్కనే కండెలు చుడుతూ గడిచి ఉంటుంది. 'నాను పోయాక ఏటైనా సేసుకోండి' అనేదాకా ఆమెను తేకండి.

ఆమె పక్కన కూర్చుని, 'ఇందులో మీకు దగ్గరగా ఉండాల్సింది ఏది అత్తమ్మా?' అని అడగండి. మామగారి చెయ్యి పడి నున్నబడ్డ నాడె, అదే పోగును అటూ ఇటూ తీసుకెళ్లేది, ఒక్కటి చాలనవచ్చు. మొత్తం ఉండాలనీ అనవచ్చు. ఒప్పుకుంటే చట్రం విప్పి అటక మీద పెట్టి, గుంట మీద పలకలు పరవండి. కానీ ఆ గది అద్దెకివ్వకండి. వీధివైపు గది కాబట్టి మంచి వెలుతురు ఉంటుంది, మీ మిషన్ అక్కడికి మార్చండి. దారిన పోయేవాళ్ల కంట పడితే పని పెరుగుతుంది. పోగు తెలిసిన చెయ్యి ఆమెది, చీర కుచ్చులు కట్టమంటే ఇష్టంగా కడతారేమో.

డిష్ రీచార్జి, చిల్లర ఖర్చులు మీకే తెలుసు, వాటి జోలికి నేను పోను. ఒక్కటి మాత్రం ఈ వారమే చేయండి. మీవారికి 50 దాటకపోతే బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, ప్రమాద బీమా 20 రూపాయలు. ఆయన జీతం మీదే ఇల్లు నడుస్తోంది కాబట్టి రెండూ కట్టించండి. ఒక్కోదానికి 2 లక్షల రక్షణ.

ముందు పాపను అడగండి, ఆ తర్వాతే అత్తగారితో మాట్లాడండి. పాప ఏమందో నాకు రాయండి.