ఉప్పునీటితో క్లోరిన్ ద్రావణం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

తాగునీటిని శుద్ధి చేయడానికి ఉప్పునీటిలోకి విద్యుత్తును పంపి క్లోరిన్ ద్రావణం తయారుచేసే చిన్న యంత్రాల గురించి ఈ మధ్య పలువురు ఉత్తరాలు రాశారు. వాటిలో నాలుగింటికి ఈ సంచికలో సమాధానం ఇస్తున్నాను. మొదటి ఉత్తరం రాసినవారు ఒక ఊరి ప్రజలందరి ఆరోగ్యాన్ని చేతిలో పెట్టుకుని పనిచేస్తున్నవారు గనుక ఆయనకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: మా ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు 60,000 లీటర్లది. ఇన్నాళ్లూ బ్లీచింగ్ పౌడరు కలిపేవాళ్లం. ఆరు నెలల క్రితం ఒక దాత ఉప్పునీటితో క్లోరిన్ ద్రావణం తయారుచేసే యంత్రం ఇచ్చారు. మొదట్లో బాగానే ఉంది. ఇప్పుడు ఎంతసేపు నడిపినా మునుపటి ఘాటు రావడం లేదు. లోపలి పలకల మీద తెల్లగా పెచ్చు కట్టింది. ఉప్పు రెట్టింపు వేసి రెట్టింపు సేపు నడిపితే సరిపోతుందా? ట్యాంకుకు ఎంత కలపాలి?
– గ్రామ పంచాయతీ నీటి సరఫరా కార్మికుడు, ప్రకాశం జిల్లా

సమాధానం: సరిపోదు. పైగా యంత్రం త్వరగా పాడవుతుంది. ఎందుకో తెలియాలంటే ఆ పాత్రలో ఏం జరుగుతున్నదో ముందుగా చూడాలి. ధన ధ్రువానికి కలిపిన పలక టైటానియంతో చేసినది; దాని మీద రుథేనియం, ఇరిడియం వంటి లోహాల ఆక్సైడ్ల పూత ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు ఈ పలక దగ్గర క్లోరిన్‌గా మారుతుంది. రుణ ధ్రువం దగ్గర నీరు విడిపోయి హైడ్రోజన్ వాయువు బుడగలుగా పైకి వస్తుంది, క్షారం మిగులుతుంది. రెండు పలకలూ ఒకే పాత్రలో ఉండడం వల్ల క్లోరిన్, క్షారం కలిసి సోడియం హైపోక్లోరైట్ అవుతాయి. మీరు ట్యాంకులో పోస్తున్న ద్రావణం అదే.

రుణ ధ్రువం చుట్టూ క్షారం గాఢంగా ఉంటుంది కాబట్టి నీటిలోనూ ఉప్పులోనూ ఉన్న కాల్షియం, మెగ్నీషియం అక్కడే తెల్లగా పేరుకుంటాయి. బోరునీళ్లు కాచే కాగు అడుగున ఏళ్ల తరబడి కట్టే తెల్లటి పెచ్చు లాంటిదే ఇది. పెచ్చు మందమయ్యే కొద్దీ విద్యుత్తు సరిగా ప్రవహించదు. అప్పుడు ఉప్పు రెట్టింపు వేస్తే విద్యుత్తు హెచ్చి సరఫరా పెట్టె వేడెక్కవచ్చు గానీ క్లోరిన్ ఆ మేరకు పెరగదు. ఎక్కువసేపు నడపడం వల్ల మరొక నష్టం ఉంది. ద్రావణం గాఢమై వేడెక్కే కొద్దీ తయారైన హైపోక్లోరైటే క్లోరేటుగా మారిపోతుంది. క్లోరేటుకు క్రిములను చంపే శక్తి లేదు సరికదా, తాగునీటిలో అది లీటరుకు 0.7 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే తయారీదారు చెప్పిన సమయం పూర్తికాగానే యంత్రాన్ని ఆపాలి. వేసవిలో మీ జిల్లా ఎండలకు మధ్యాహ్నం కన్నా తెల్లవారుజామున నడపడం మంచిది.

ముందుగా పెచ్చు వదిలించండి. యంత్రానికి విద్యుత్తు ఆపి, ప్లగ్గు తీసి, పాత్రలోని ద్రావణాన్ని పూర్తిగా ఒంపేసి, పలకలను మంచినీటితో రెండు మూడు సార్లు కడగండి. ఈ కడగడాన్ని ఏమాత్రం తేలికగా తీసుకోవద్దు. క్లోరిన్ ద్రావణం మిగిలి ఉండగా ఏ ఆమ్లం పోసినా విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలి ఆడని పంపు గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. కడిగిన తరువాత వెనిగర్‌లో గానీ, కిరాణా కొట్లలో దొరికే నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో గానీ పెచ్చు కరిగేంతవరకు నానబెట్టి, మళ్లీ మంచినీటితో కడగండి. చాకుతోనో, ఇనుప పీచుతోనో గీకవద్దు. పెచ్చుతో పాటు ధన ధ్రువం పూత కూడా ఊడిపోతుంది, పూత పోయిన పలకను బాగుచేయడం మీ చేతిలో ఉండదు. ధన, రుణ తీగలను తారుమారుగా కలిపినా ఆ పూతకే నష్టం.

పెచ్చు మళ్లీ కట్టకుండా ఉండాలంటే ఉప్పు, నీరు రెండూ మార్చాలి. మీ జిల్లావాళ్లకు చినగంజాం ఉప్పు కొటార్లు తెలియనివి కావు. అక్కడి రాళ్ల ఉప్పు వంటకు ఎంత రుచైనా, శుద్ధి చేయని ఉప్పులో మట్టి, మెగ్నీషియం ఉంటాయి. దాన్నే వాడక తప్పకపోతే ముందు రోజు రాత్రి నీటిలో కరిగించి, తేరిన నీటిని మడత పెట్టిన నూలుగుడ్డలో వడకట్టండి. మట్టి పోతుంది గానీ కరిగిన మెగ్నీషియం పోదు కాబట్టి శుద్ధిచేసిన ఉప్పే మేలు. ఉండకట్టకుండా మందులు కలిపిన పొడి ఉప్పు మాత్రం వద్దు. నీటి విషయంలో ఇంకా సులువైన మార్గం ఉంది. మీ ఊళ్లో ఆర్‌ఓ ప్లాంటు ఉంటే రోజుకు ఒక్క 20 లీటర్ల క్యాను తెచ్చుకోండి. ఎందుకంటే మీ ట్యాంకుకు దాదాపు అంతే కావాలి.

ఆ లెక్క ఇది. చాలా చిన్న యంత్రాల్లో లీటరు నీటికి 25 గ్రాముల ఉప్పు వేస్తే లీటరుకు సుమారు 6 గ్రాముల క్లోరిన్ ఉన్న ద్రావణం వస్తుంది. మీ యంత్రం కొలతలు వేరుగా ఉంటే దాని మీద రాసినవే పాటించండి. క్యానుకు అర కిలో ఉప్పు పడుతుంది, 120 గ్రాముల క్లోరిన్ తయారవుతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 60,000 లీటర్లకు సరిగ్గా 120 గ్రాములు కావాలి. విద్యుత్తు సుమారు ఒక యూనిట్ ఖర్చవుతుంది. ఇదే పనికి 33 శాతం క్లోరిన్ ఉన్న కొత్త బ్లీచింగ్ పౌడరు 364 గ్రాములు చాలు. కానీ తేమ తగిలి 20 శాతానికి పడిపోయిన పౌడరు 600 గ్రాములు వేయాలి. మూట విప్పి ఎన్నాళ్లయిందో లెక్క పెట్టకుండా అదే డబ్బాతో అదే కొలత వేసి, ఊరంతా వాంతులు, విరేచనాల పాలయ్యాక నీటి నమూనా పట్టుకుని పరీక్షాశాలకు వచ్చినవాళ్లను నా ఉద్యోగకాలంలో చూశాను. యంత్రం వచ్చినంత మాత్రాన ఆ ప్రమాదం తప్పిపోలేదు. నిన్నటి ద్రావణం బలం ఈరోజు ఉండకపోవచ్చు.

కాబట్టి ఘాటును ముక్కుతో అంచనా వేయవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. ముక్కు అలవాటు పడిపోతుంది. నీటిలో క్లోరిన్ కొలవడానికి మీ దగ్గర ఉన్న క్లోరోస్కోపుతోనే ద్రావణం బలం కూడా తెలుసుకోవచ్చు. సూదిమందు సిరంజితో ఒక మిల్లీలీటరు ద్రావణం తీసి, పది లీటర్ల ఆర్‌ఓ నీటిలో బాగా కలిపి, ఆ నీటిని పరీక్షించండి. 0.6 చూపిస్తే ద్రావణంలో లీటరుకు 6 గ్రాములు ఉన్నట్లు, 0.3 చూపిస్తే సగమే ఉన్నట్లు, అప్పుడు ట్యాంకుకు 20 లీటర్లు కాక 40 లీటర్లు కావాలి. బోరు నీళ్లతో ఈ పరీక్ష చేయవద్దు, అందులోని ఇనుము వంటివి క్లోరిన్‌ను తినేసి లెక్క తప్పిస్తాయి. పసుపు రంగు తెచ్చే ఆర్థోటొలిడిన్ మందు హానికరమైనది కాబట్టి గులాబీ రంగు తెచ్చే డీపీడీ మాత్రలు అడిగి తెప్పించుకోండి.

ట్యాంకులో కలిపి కనీసం అరగంట ఆగి నీరు వదలండి. అందరికన్నా చివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదని మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. అక్కడ క్లోరిన్ కనిపించకపోతే మరింత కలపడానికి ముందు పైపు ఎక్కడైనా పగిలి మురుగు చేరుతున్నదేమో వెతకండి. యంత్రం నడిపిన రోజు, ఉప్పు తూకం, నడిపిన సమయం, ద్రావణం బలం, చివరి కుళాయి లెక్క – ఈ ఐదింటినీ ఒక నోటు పుస్తకంలో రాయండి. పలకలు ఎప్పుడు కడగాలో ఆ పుస్తకమే మీకు చెబుతుంది.

ఇంకొక్క మాట. 120 గ్రాముల క్లోరిన్ తయారయ్యేటప్పుడు దాదాపు 40 లీటర్ల హైడ్రోజన్ కూడా పుడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. మూత బిగించకండి, తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి, ఆ దరిదాపుల్లో ఎవరినీ బీడీ కాల్చనివ్వకండి.

ప్రశ్న: మా కాలనీలో ఇలాంటి యంత్రంతోనే నీళ్లు శుద్ధి చేస్తున్నారు. ఉప్పుతో చేసిన మందు గదా, రక్తపోటు ఉన్న మా అత్తగారు ఆ నీళ్లు తాగవచ్చా? ఒక్కోసారి వాసన కూడా వస్తోంది. మాది ఫ్లోరైడు ప్రాంతం, అది కూడా దీనితో పోతుందా?
– ఒక గృహిణి, నల్లగొండ జిల్లా

సమాధానం: నిశ్చింతగా తాగవచ్చు. పైన చెప్పిన లెక్కనే తీసుకుంటే అర కిలో ఉప్పు 60,000 లీటర్లలో కలిస్తే లీటరుకు చేరేది 8 మిల్లీగ్రాములు మాత్రమే. మీ అత్తగారు రోజుకు రెండు లీటర్లు తాగినా 17 మిల్లీగ్రాములు దాటదు. పెద్దలు రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పు తినాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆమె విషయంలో జాగ్రత్త పడవలసింది ఆవకాయ, అప్పడాల దగ్గర. వాసన ఇబ్బంది పెడితే శుభ్రమైన బిందెలో నీళ్లు పట్టి, పలుచని గుడ్డ కప్పి కొన్ని గంటలు ఉంచండి. ఘాటైన వాసన ఎప్పుడూ క్లోరిన్ ఎక్కువైందనడానికి గుర్తు కాదు. నీటిలోని మలినాలతో కలిసినప్పుడు కూడా అలాంటి వాసన వస్తుంది, కాబట్టి కొలిపించమని అడగండి.

ఫ్లోరైడు మాత్రం దీనితో పోదు. మీ జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు మూడూ వాడతారు. అందులో ఫ్లోరైడును పట్టి కిందికి దింపేది పటిక, బ్లీచింగ్ పౌడరు క్రిముల కోసమే. క్లోరిన్ కలిపిన నీటిని ఫ్లోరైడు లేని నీరని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ప్రశ్న: మా చిన్న ఆసుపత్రిలో ఈ ద్రావణాన్ని నేల తుడవడానికి, రక్తపు మరకలకు, వ్యర్థాలకు వాడుతున్నాం. ఏ పనికి ఎంత పలుచన చేయాలి? ఎన్నాళ్లు నిల్వ ఉంచవచ్చు?
– స్టాఫ్ నర్సు, తూర్పు గోదావరి జిల్లా

సమాధానం: మీ ద్రావణం లీటరుకు 6 గ్రాములు, అంటే 0.6 శాతం ఉన్నట్లు ముందుగా పరీక్షించి నిర్ధారించుకున్నాకే ఈ లెక్కలు వర్తిస్తాయి. నేల, బల్లలు, తలుపు పిడులకు 0.1 శాతం చాలు: ఒక వంతు ద్రావణానికి ఐదు వంతుల నీరు. రక్తం చిందిన చోట 0.5 శాతం కావాలి, అంటే దాదాపు నీరు కలపకుండానే వాడాలి. అక్కడ ముందుగా రక్తాన్ని గుడ్డతో అద్ది తీసి, ఆ తరువాత ద్రావణం పోసి పది నిమిషాలు ఉంచండి. మురికి మీద పోసిన క్లోరిన్ మురికితోనే ఖర్చయిపోతుంది. అందుకే సబ్బునీటితో కడగడం ముందు, క్రిమిసంహారం తరువాత. అయితే జీవ వైద్య వ్యర్థాల నిబంధనలు రసాయన శుద్ధికి కోరేది 1 నుంచి 2 శాతం హైపోక్లోరైట్. మీ యంత్రం ఆ బలాన్ని ఇవ్వలేదు కాబట్టి ఆ పనికి వేరే ద్రావణం కొనవలసిందే.

మరుగుదొడ్లు కడిగే ఆమ్లంతోనూ, అమ్మోనియా ఉన్న వేటితోనూ దీన్ని కలపనివ్వకండి. పనివాళ్లకు కాగితం మీద రాసి ఇవ్వడం కాక, పక్కన నిలబడి చూపించండి. స్టీలు పనిముట్లను ఇందులో నానబెడితే తుప్పు పడతాయి. నిల్వ విషయానికి వస్తే, ఏ రోజు చేసినది ఆ రోజు వాడడం ఉత్తమం. ముదురు రంగు ప్లాస్టిక్ డబ్బాలో, నీడలో ఉంచి, తేదీ రాసిన చీటీ అంటించండి. తాగునీటి సీసాలో పోసి ఉంచడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ప్రశ్న: నేను భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తాను. ఇది కొత్త పద్ధతా? తరగతిలో స్టీలు చెంచాలతో, బ్యాటరీ చార్జరుతో చేసి చూపించి, ఆ నీటినే బడి శుభ్రతకు వాడవచ్చా?
– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: కొత్తది కాదు. ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ హెర్మైట్ సముద్రపు నీటితో ఇలాంటి ద్రావణాన్ని 1890లలోనే తయారుచేశాడు. ఇంగ్లండులోని వర్దింగ్ పట్టణంలో 1893లో టైఫాయిడ్ చెలరేగిన తరువాత, 1894లో అక్కడ దాన్ని పరీక్షించి చూశారు. లండన్‌లోని పాప్లర్ ప్రాంతంలో 1906 నుంచి స్థానిక పాలక సంస్థే తయారుచేసి ప్రజలకు పంచింది.

స్టీలు చెంచాలు మాత్రం వద్దు. ధన ధ్రువం దగ్గర స్టీలు కరిగి, అందులోని క్రోమియం, నికెల్ నీటిలో చేరతాయి. ఆ నీరు దేనికీ పనికిరాదు, పారబోయడం కూడా ప్రమాదమే. రెండు వైపులా చెక్కిన రెండు పెన్సిళ్లు, ఒక 9 వోల్టుల బ్యాటరీ, గ్లాసుడు ఉప్పునీళ్లు చాలు. ఆ నీళ్లలో చిటికెడు పసుపు కలపండి. రుణ ధ్రువం చుట్టూ పారాణిలా ఎర్రబడుతుంది, అది క్షారానికి గుర్తు. ధన ధ్రువం దగ్గర తడిపిన లిట్మస్ కాగితం ఉంచితే రంగు వెలిసిపోతుంది, అది క్లోరిన్ పని. కిటికీలన్నీ తీసి, రెండు మూడు నిమిషాలకు మించకుండా చేసి, పిల్లలను గ్లాసు మీదికి వంగి వాసన చూడనివ్వకండి. బడి శుభ్రతకు మాత్రం, బలం కొలవగలిగే ఏర్పాటు ఉన్న యంత్రం వచ్చేదాకా, తేదీ చూసి కొన్న బ్లీచింగ్ పౌడరే వాడండి.