ఎర్రటి ఆకాశం వద్దు

అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాని షెర్మన్ దక్షిణాది జార్జియా మీదుగా నడిపిన దండయాత్ర మీద నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి విసుగు పుట్టి మధ్యలోనే పక్కన పెట్టేశాను. రెండోసారి పదకొండో పేజీలో ఉన్న ఒకే ఒక్క వాక్యం కోసం చదివాను. దాని దగ్గరకు తరవాత వస్తాను. ముందు నా విసుగు సంగతి విను.

అట్లాంటా తగలబడటంతో మొదలుపెట్టి మూడు పేజీల నిండా ఎర్రటి ఆకాశమే రాశావు. "అంతా బూడిదైపోయింది" అన్న మాట నాలుగు చోట్ల ఉంది. అంతా బూడిద కాలేదమ్మా. 1864 నవంబర్ 9న షెర్మన్ జారీ చేసిన 120వ నంబరు ఉత్తర్వు చదువు. దారిలో తిండి ధారాళంగా సేకరించుకోమన్నాడు, సైనికులు ఇళ్లలోకి చొరబడకూడదన్నాడు, మిల్లులూ ఇళ్లూ పత్తి జిన్నులూ ధ్వంసం చేసే అధికారం కోర్ కమాండర్లకు (పెద్ద సేనా విభాగాల అధిపతులకు) మాత్రమే ఇచ్చాడు. కాగితం మీది ఆ ఆజ్ఞకూ, గుంపులుగా విడిపోయి మాంసం పొగబెట్టి దాచే గదుల్లోంచి దాన్ని ఎత్తుకుపోయిన సైనికుడి చేతులకూ మధ్య ఎంత దూరం ఉందో చూశావా? కథంతా అక్కడే ఉంది. తన సైన్యం జార్జియాకు చేసిన నష్టం పది కోట్ల డాలర్లని, అందులో రెండు కోట్లే తమకు పనికొచ్చాయని, తక్కినదంతా వృథా విధ్వంసమని షెర్మనే అంచనా కట్టి రాసుకున్నాడు.

శత్రువుకు పనికొచ్చేదంతా నాశనం చేసే దగ్ధభూమి వ్యూహంలో నిప్పు కంటే ముందు లెక్క ఉంటుంది. వర్జీనియాలో పీటర్స్‌బర్గ్ కందకాల్లో ఉన్న దక్షిణాది సేనాని లీ సైన్యానికి తిండి పంపే చోట్లలో షెనండోవా లోయ ముఖ్యమైనది. ఆ లోయ మీదుగా ఎగిరే కాకులు కూడా తమ మేత తామే మోసుకుపోవలసి రావాలని ఉత్తరాది సర్వసేనాని గ్రాంట్ కోరాడు. కోతలు ముగిసి కొట్టాలు నిండాక అతని కింది సేనాని షెరిడాన్ నిప్పు పెట్టించాడు. గోధుమలూ గడ్డీ వ్యవసాయ పనిముట్లూ నిండిన కొట్టాలు 2,000కు పైగా, పిండీ గోధుమలూ ఉన్న మిల్లులు 70కి పైగా తగలబెట్టామని అక్టోబర్ 7న నివేదిక పంపాడు. ఆ చలికాలం ఇంటి నుంచి ఆకలి ఉత్తరాలు అందుకొని కందకం వదిలి వెళ్లిపోయిన సైనికుడు ఆ లెక్కలోని చివరి అంకె.

ముప్పై ఏళ్ల కిందట నేనూ ఈ లోయ మీద వ్యాసం రాశాను. రెండేళ్లు గ్రంథాలయంలో కూర్చుని పాత సంపుటాల నుంచి చేత్తో ఎత్తి రాసుకున్న అంకెలన్నీ సంపాదకుడు ఒక్క గీతతో కొట్టేశాడు. పాఠకులకు లెక్కలు రుచించవట! మిల్లుల స్థానంలో "హృదయవిదారక దృశ్యం" అన్న మాటలు వేశాడు. ఆ రెండు మాటలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట. ఇప్పటి చారిత్రక కథలకు ముఖచిత్రం మీద మంట లేకపోతే అచ్చే కావనుకుంటాను.

రైలు పట్టాల సంగతి నువ్వు ఒక ముక్కలో తేల్చేశావు. స్లీపర్లు పేర్చి నిప్పంటించి, పట్టాల నడిమి భాగం ఎర్రగా కాలాక చెట్టు మానుకు చుట్టి మెలిపెట్టేవారు. వంగిన పట్టాను సాపు చేసుకోవచ్చు, మెలిపడినదాన్ని మళ్లీ ఇనుప మిల్లులో సాగదీయాలి. దక్షిణాదిలో అలాంటి మిల్లులు బహు తక్కువ. అందుకే మెలిపెట్టాలని షెర్మన్ పట్టుబట్టాడు.

ఇక పదకొండో పేజీ. "నెత్తిన మూటతో ఆమె సైన్యం వెనక నడిచింది" అని రాసి, ఆ బానిస స్త్రీని అక్కడే వదిలేశావు. సైనికులు ఖాళీ చేసిన గాదెలో ఆమె తిండి కూడా ఉందని, బానిసల గుడిసెల్ని కూడా వాళ్లు దోచారని నీకు తెలుసా? డిసెంబర్ 9న ఎబెనీజర్ వాగు దగ్గర ఉత్తరాది సేనాని జెఫర్సన్ సి. డేవిస్ (శత్రుపక్షపు అధ్యక్షుడి పేరే ఇతనిదీ) తన దళం దాటగానే తేలుడు వంతెన ఎత్తించేశాడు. వెంట నడిచిన విముక్త బానిసలు వెనక దక్షిణాది సేనాని వీలర్ అశ్వికదళానికీ ముందు చలినీళ్లకూ మధ్య చిక్కుకున్నారు. నీళ్లలోకి దూకినవాళ్లలో చాలామంది మునిగిపోయారు. ఆమెను నువ్వు ఆ వాగు దాకా తీసుకుపోలేదు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, ముగింపు విషాదంగా ఉండాలా అని కూడా అడిగావు. వాటి సంగతి తరవాత చూద్దాం. ముందు ఆమె మూటలో ఏముందో రాసి పంపు.