సీబీడీ నూనెతో నీళ్ల విరేచనాలు తగ్గుతాయా?

ప్రశ్న: నా వయసు 34. రెండేళ్లుగా రోజుకు నాలుగైదుసార్లు నీళ్ల విరేచనాలు, ఐబీఎస్ (పరీక్షల్లో జబ్బేమీ కనబడకపోయినా పేగులు ఇబ్బంది పెట్టే సమస్య) అన్నారు. అమెరికాలో ఉండే మా బావగారు, గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె వాడితే పేగుల్లో నీరు ఊరడం తగ్గుతుందని, ఈసారి వచ్చేటప్పుడు తెస్తానని అంటున్నారు. వాడొచ్చా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: వద్దండి, తేవద్దని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. మీ బావగారి మాటలో కొంత నిజం ఉంది గానీ, అది సీబీడీకి వర్తించదు.

మన పేగుల్లోకి రోజూ 8, 9 లీటర్ల ద్రవం చేరుతుంది. తాగేది అందులో సుమారు 2 లీటర్లే, మిగతాదంతా లాలాజలం, జఠరరసం, పిత్తం, పేగు గోడలో ఊరే నీరు. ఇంత ద్రవంలో మలంతో పోయేది మామూలుగా 100, 200 మిల్లీలీటర్లు మాత్రమే కాబట్టి ఊరడం కాస్త పెరిగినా, పీల్చుకోవడం కాస్త తగ్గినా మోషన్స్ మొదలవుతాయి. పేగు గోడలోని నరాలు తమ సంకేత రసాయనమైన ఎసిటైల్‌కోలిన్ వదలగానే అక్కడి కణాలు క్లోరైడ్‌ను పేగులోకి పంపుతాయి, దాని వెంటే సోడియం, నీరు వస్తాయి. ఆ నరాల మీద సీబీ1 అనే గ్రాహకాలు (కొన్ని రసాయనాలు వచ్చి తగిలే చోట్లు) ఉంటాయి. మన ఒంట్లోనే తయారయ్యే అనాండమైడ్ గానీ గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ గానీ వాటికి తగిలితే ఎసిటైల్‌కోలిన్ తగ్గి, నీరు ఊరడమూ తగ్గుతుంది. కలరా విషం ఇచ్చిన ఎలుకల పేగుల్లో అనాండమైడ్ దానంతటదే పెరిగింది, సీబీ1ను అడ్డుకునే మందు ఇస్తే నీరు ఇంకా ఎక్కువైంది. కలకత్తాలో ఓషానెస్సీ అనే డాక్టర్ కలరా రోగులకు గంజాయి మందు ఇచ్చి చూశానని 1839లోనే రాశాడు.

సీబీడీ మాత్రం సీబీ1ను అలా పనిచేయించదు. పైగా అరుదైన మూర్ఛవ్యాధులకు డాక్టర్లు ఇచ్చే శుద్ధమైన సీబీడీ మందుతో తరచూ కనబడే ఇబ్బందుల్లో విరేచనాలు ఒకటి! అమెరికా షాపుల్లో అమ్మే నూనెల్లో కొన్నిటిలో లేబుల్ మీద లేని టీహెచ్‌సీ ఉన్నట్టు అక్కడి పరీక్షల్లోనే తేలింది, అలాంటి సీసాతో ఇక్కడ ఎయిర్‌పోర్టులో దిగితే 1985 నాటి మాదకద్రవ్యాల ఎన్‌డీపీఎస్ చట్టం కింద కేసవుతుంది. పోనీ టీహెచ్‌సీయే వాడదామా అంటే, ఐబీఎస్‌కు అది మందని మనుషుల్లో రుజువు కాలేదు, ఏళ్ల తరబడి గంజాయి వాడేవాళ్లలో కొందరికి ఆగని వాంతులు పట్టుకుంటాయి.

నన్ను ఆలోచింపజేస్తున్నది మీ రెండేళ్ల లెక్క. రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వస్తోందా, రక్తం పడుతోందా, బరువు తగ్గారా? వీటిలో ఒక్కటున్నా ఐబీఎస్ అని సరిపెట్టుకోకూడదు, కొలనోస్కోపీ అవసరం కావచ్చు. ఏవీ లేకపోయినా థైరాయిడ్, గోధుమలు పడకపోవడానికి చేసే సీలియాక్ రక్తపరీక్ష, పేగు వాపు తెలుసుకోవడానికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించారో లేదో చూసుకోండి, చేయించకపోతే చేయించి, ఆ రిపోర్టులతో ఈ వారమే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. ఈలోగా మోషన్స్ ఎక్కువైన రోజున పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని లీటరు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగండి.