గోడ మూసేలోగా పైపుల సంగతి తేల్చుకోండి

ప్రశ్న: రెండంతస్తుల ఇల్లు కడుతున్నాం. శ్లాబులు పడ్డాయి, గోడలు లేచాయి, ఇక ప్లాస్టరింగే అంటున్నాడు మేస్త్రీ. ప్లంబరేమో "పాయింట్లు ఎక్కడెక్కడో చెప్పండి సార్, గాడులు కొట్టేస్తా" అని తొందరపెడుతున్నాడు. మాకేమో ఏమీ తోచడం లేదు. పై అంతస్తులో షవర్ సన్నగా వస్తుందేమోనని ఇంకో టెన్షన్. ఏమేం చూసుకోవాలి?

జవాబు: ముందు ప్లాస్టరింగ్ కొన్నాళ్లు ఆపండి. మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. కుళాయి నచ్చకపోతే ఎప్పుడైనా మార్చుకోవచ్చు గానీ, గోడలో పైపు మార్చాలంటే టైల్స్ పగలగొట్టాల్సిందే.

అందరూ నీళ్లు వచ్చే లైను గురించే ఆలోచిస్తారు, అసలు తలనొప్పి పోయే లైనుతో. వచ్చే నీళ్లకు వెనక ప్రెజర్ ఉంటుంది కాబట్టి పైపు ఎటు తిప్పినా వస్తాయి, పోయే నీళ్లు మాత్రం వాటం ఉంటేనే పోతాయి. అందుకే కమోడ్ ఎక్కడో ముందు తేల్చండి, మిగతావన్నీ దాన్ని బట్టి సర్దుకోవచ్చు. కమోడ్‌కి 110 మి.మీ., స్నానం నీళ్లకి, వంటింటి సింకుకి 75 మి.మీ. పైపు మామూలుగా సరిపోతుంది. 75 పైపుకి మీటరుకి 25 మి.మీ. వాటం ఇవ్వమనండి. మలుపు తిప్పాల్సి వస్తే ఒకే 90 డిగ్రీల బెండు బదులు రెండు 45లు వేయిస్తే చెత్త ఇరుక్కోదు. నిలువు పైపుని డాబా పైదాకా లేపి గాలి ఆడేలా వదలాలి, దీని ఖర్చు మాత్రం చాలామంది మిగుల్చుకుందామని చూస్తారు. అది లేకపోతే పైన ఫ్లష్ కొట్టినప్పుడల్లా కింద ట్రాపులో, అంటే పైపు వంపులో, నిలవాల్సిన నీళ్లు గుడగుడమంటూ లాగేసుకుపోతాయి, వాసనకి అడ్డం ఆ నీళ్లే కదా!

ఇక షవర్. ట్యాంకులో నీటిమట్టం షవర్ కన్నా 10 మీటర్లు ఎత్తున ఉంటే దాదాపు 1 బార్ ప్రెజర్ వస్తుంది. పై అంతస్తుకి మహా అయితే 3 మీటర్లు ఉంటుందేమో, అంటే 0.3 బార్. దానికి పళ్లెమంత రెయిన్ షవర్ బిగిస్తే చినుకులే. ట్యాంకు దిమ్మె ఎత్తు పెంచండి, లేదా ప్రెజర్ పంపు పెట్టండి. పంపు ఇప్పుడే వద్దనుకున్నా దానికి చోటు, కరెంటు పాయింటు ఉంచుకోండి. పైనుంచి దిగే పైపు లావుగా వేస్తే దారిలో ప్రెజర్ తగ్గదు గానీ, కొత్తగా పెరగదు.

వేడినీళ్లకి వేడిని తట్టుకునే సీపీవీసీ పైపే, మామూలు పీవీసీ మెత్తబడి వంగిపోతుంది. సీపీవీసీకి గమ్ కూడా వేరే. గీజరు షవర్‌కి దగ్గరగా ఉండాలి, లేదంటే రోజూ వేడి వచ్చేలోపు బోలెడు నీళ్లు వృథా. ప్రతి బాత్రూంకీ విడిగా వాల్వు పెట్టించండి. నీళ్లని షవర్‌కో కుళాయికో మళ్లించే డైవర్టర్‌ని గోడలో కూర్చోబెడతారు, దానికి పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చూడండి, దాని మీద టైల్ ముఖం ఎక్కడిదాకా రావచ్చో సాధారణంగా గుర్తు ఉంటుంది. టైల్, దాని కింది సిమెంటు కలిపి మందమెంతో ఇప్పుడే తేల్చుకోకపోతే డైవర్టర్ మరీ లోపలికి వెళ్లిపోయి ఆనక హ్యాండిల్ బిగియదు.

పైపులు వేశాక అన్ని పాయింట్లకీ డమ్మీలు (మూతలు) బిగించి, నీళ్లు నింపి, చేతి పంపుతో ప్రెజర్ ఎక్కించి రాత్రంతా వదిలేయమనండి. పొద్దున గేజి ముల్లు దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. అది సరిగ్గా తేలాక కొలత టేపు ఆనించి ప్రతి గోడకీ ఫొటో తీసుకోండి, రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తుంది. అన్నట్టు, గాడి కోసమని పిల్లర్నో బీమునో చెక్కబోతే మాత్రం అక్కడే ఆపించి ఇంజనీరుకి ఫోన్ చేయండి.